విటమిన్ సి సీరం డైరీ: ఐదు సీసాలు, రెండు చెంపలు, పద్నాలుగు వారాలు

1వ రోజు

మొటిమలు తగ్గి ఏడాది దాటింది. వాటి మచ్చలు మాత్రం అలాగే ఉండిపోయాయి. రెండు చెంపల మీద, దవడ అంచు వెంట, పెన్ను మొనతో పెట్టిన చుక్కల్లాంటివి కొన్ని, చిటికెన వేలి గోరంతవి కొన్ని, దాదాపు అన్నీ గోధుమ రంగువే. వీటికోసం ఒక విటమిన్ సి సీరం కొని వాడాను. కొన్నప్పుడు నీళ్లలా తేటగా ఉన్నది ఐదో వారానికి తుప్పు నీళ్ల రంగుకు తిరిగింది, అప్పటికి సీసాలో సగం మిగిలే ఉంది. పారబోయడానికి మనసు రాలేదు, ముఖానికి రాయడానికి ధైర్యం చాలలేదు. లేబుల్ మీద 20 శాతం అని ఉంది సరే, ఇప్పుడు ఈ సీసాలో ఎంత ఉంది? ఈ ప్రశ్నకు జవాబు చెప్పే దారి నా దగ్గర ఒక్కటీ లేకపోవడం నన్ను బాగా కుదిపింది.

అందుకే ఈ ప్రాజెక్టు. నేనే కలుపుతాను, నేనే కొలుస్తాను, జరిగింది జరిగినట్టు రాస్తాను. తేల్చుకోవాల్సినవి రెండు. సీరం ఇంట్లో ఎందుకు పాడవుతోంది, ఎంత త్వరగా పాడవుతోంది? పాడవకుండా చూసుకుని వాడితే నా మచ్చలు నిజంగా తగ్గుతాయా?

2వ రోజు

ఇవాళంతా చదవడమే. సీరం సీసాల మీద విటమిన్ సి పేరుతో చాలా రూపాలు కనిపిస్తాయి. అసలు రూపం ఎల్-ఆస్కార్బిక్ ఆమ్లం. సోడియం ఆస్కార్బైల్ ఫాస్ఫేట్, ఆస్కార్బైల్ గ్లూకోసైడ్, ఇథైల్ ఆస్కార్బిక్ ఆమ్లం లాంటివి దానికి ఇంకో ముక్క తగిలించి నిలకడగా ఉండేలా చేసినవి. ఇవి చర్మాన్ని పెద్దగా మండించవు, సీసాలో త్వరగా పాడవవు. కానీ వీటిలో చాలావరకు చర్మంలోకి వెళ్లాక ఆ అతుకు తెగితేనే పని మొదలవుతుంది. నేను అసలు రూపాన్నే ఎంచుకున్నాను, దానిమీద జరిగిన పరిశోధన ఎక్కువ కాబట్టి, ఇంకా సూటిగా చెప్పాలంటే దాన్ని ఇంట్లో కొలవడానికి ఒక తేలిక దారి ఉంది కాబట్టి.

అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో షెల్డన్ పిన్నెల్ బృందం 2001లో ప్రచురించిన పరీక్షలే ఇప్పటికీ చాలా సీరంలకు పునాది. పంది చర్మం మీద చేసిన ఆ పరీక్షల్లో మూడు విషయాలు తేలాయి. ద్రావణం పీహెచ్ (పులుపును చూపే కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 3.5 కంటే తక్కువ ఉంటేనే ఆస్కార్బిక్ ఆమ్లం లోపలికి బాగా దిగుతుంది. 20 శాతం దాటాక ఎంత కలిపినా లోపలికి వెళ్లేది పెరగదు. రోజూ రాస్తే మూడు రోజుల్లో చర్మం నిండిపోతుంది, ఆపేస్తే అది సగానికి పడిపోవడానికి సుమారు నాలుగు రోజులు పడుతుంది.

పీహెచ్ సంగతి మొదట అర్థం కాలేదు, కాస్త తవ్వితే తేలికే. ఆస్కార్బిక్ ఆమ్లం పీకేఏ, అంటే దాని అణువుల్లో సగం విద్యుదావేశం పొందే పీహెచ్, 4.2 దగ్గర ఉంటుంది. పీహెచ్ అంతకంటే బాగా కిందికి దిగితే అణువుల్లో ఎక్కువ భాగం విద్యుదావేశం లేకుండా ఉంటాయి, కొవ్వుతో కూడిన చర్మం పై పొరను దాటాలంటే అలా ఉండాలి. అంటే ఆ పులుపు, ఆ చురుకు ఈ మందుకు పుట్టుకతో వచ్చినవే. పూర్తిగా తీసేస్తే పని కూడా పోతుంది.

మచ్చల విషయానికొస్తే, చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారవ్వాలంటే టైరోసినేజ్ అనే ఎంజైమ్ కావాలి, దాని గుండెలో రాగి ఉంటుంది. విటమిన్ సి ఆ పనికి అడ్డుపడుతుంది, మధ్యలో తయారయ్యే డోపాక్వినోన్‌ను వెనక్కి నెడుతుంది. అంటే కొత్త రంగు తయారీని తగ్గిస్తుంది, ఉన్న రంగును సున్నంలా తెల్లగా కొట్టదు. పాత రంగు పై పొరలతో పాటు రాలిపోవాలి, దానికి వారాలు పడుతుంది. పద్నాలుగు వారాలు పెట్టుకున్నది అందుకే.

4వ రోజు

మొదటి ప్రయత్నం, 20 గ్రాములే చేశాను. 0.01 గ్రాము వరకు చూపే చిన్న తూకం, గాజు బీకరు, గాజు కడ్డీ, డిస్టిల్డ్ వాటర్. మూడు గ్రాముల ఆస్కార్బిక్ ఆమ్లం పొడి నీళ్లలో వేసి తిప్పితే రెండు నిమిషాల్లో జాడ లేకుండా కరిగిపోయింది, ఆ కరిగేటప్పుడు బీకరు చేతికి చల్లగా తగిలింది. దాంట్లో ఒక శాతం విటమిన్ ఇ నూనె వేశాను. అది ఎంత తిప్పినా కలవలేదు, పైన బంగారు రంగు కళ్లలా తేలుతూ ఉండిపోయింది. నూనెను నీళ్లలో కలిపే పదార్థం వేరే కావాలి, అది వేస్తే జిగురు పెరుగుతుంది. నేను కొలవాలనుకున్నది విటమిన్ సి ఒక్కదాన్నే కాబట్టి ఇ ని ఈ ప్రాజెక్టులోంచి తీసేశాను.

పీహెచ్ మీటరును 4.01, 7.00 ద్రావణాలతో సరిచూసుకుని ముంచితే 2.2 చూపించింది. చేతి లోపలి వైపు ఒక చుక్క రాశాను. అర నిమిషంలో చురుక్కుమంది, పది నిమిషాలకు ఎర్రటి గుండ్రం. ముఖానికి దీన్ని రాసే ప్రసక్తే లేదు.

7వ రోజు

రెండో తయారీ, ఈసారి నింపాదిగా. మొత్తం 100 గ్రాములకు ఆస్కార్బిక్ ఆమ్లం 15 గ్రాములు, ప్రొపైలిన్ గ్లైకాల్ 20, ఫెరులిక్ ఆమ్లం 0.5, ఈడీటీఏ 0.1, ప్రిజర్వేటివ్‌గా ఫినాక్సీఇథనాల్ 0.8, మిగతాది డిస్టిల్డ్ వాటర్.

ఫెరులిక్ ఆమ్లం ఎందుకంటే, పిన్నెల్ బృందమే 2005లో 15 శాతం సి, 1 శాతం ఇ ఉన్న ద్రావణానికి అర శాతం ఫెరులిక్ కలిపి చూపించింది: ద్రావణం నిలకడ పెరిగింది, ఎండ దెబ్బ నుంచి చర్మానికి దొరికే రక్షణ నాలుగు రెట్ల నుంచి సుమారు ఎనిమిది రెట్లకు పెరిగింది. నేను ఇ లేకుండా కలుపుతున్నాను కాబట్టి ఆ అంకెలు నా సీరానికి వర్తించవు, నిలకడ కోసమే వేసుకున్నాను. అది నీళ్లలో సరిగా కరగదు. గోరువెచ్చని నీళ్ల గిన్నెలో గ్లైకాల్ బీకరు పెట్టి, అందులో కరిగించి, చల్లారాక నీళ్లలో కొద్దికొద్దిగా పోయాలి. ఈడీటీఏ పని లోహాలను పట్టి ఉంచడం. రాగి, ఇనుము లేశమాత్రం ఉన్నా విటమిన్ సి ఆక్సీకరణ పరుగందుకుంటుంది, కుళాయి నీళ్లు వద్దనేదీ అందుకే.

పీహెచ్ పెంచడానికి 5 శాతం బేకింగ్ సోడా ద్రావణం తీసుకున్నాను. చుక్క పడిన చోటల్లా బుస్సుమని నురగ లేచి ఆరిపోతుంది. చుక్కలు వేస్తూ, తిప్పుతూ, మీటరు ముంచుతూ, నురగ పూర్తిగా చల్లారేదాకా ఆగి మళ్లీ చూస్తూ, దాదాపు 9 మి.లీ. దగ్గర పీహెచ్ 3.0 కి చేరాక ఆగాను. ఈ పనిలో తొందర పనికిరాదు, బుడగలు ఉండగా చూసే అంకె నిలవదు.

8వ రోజు

సీసాల పరీక్ష మొదలు. ఒకే తయారీలోంచి నాలుగు 20 మి.లీ. సీసాల్లో ఎనిమిదేసి మి.లీ. పోశాను. ఒకటో సీసా గోధుమ రంగు గాజు, ఫ్రిజ్‌లో. రెండోది అదే గాజు, గది అల్మరాలో. మూడోది రంగు లేని గాజు, కిటికీ పక్కన. నాలుగోది గోధుమ రంగు గాజే, అల్మరాలోనే, కానీ లోపల వేలెడు రాగి తీగ వేసి మూత వదులుగా పెట్టాను. లోహం చేసే పని కళ్లతో చూడాలని. ఈ నాలుగూ వారానికి ఒక్కసారే తెరుస్తాను. ఐదోది నేను రోజూ వాడబోయేది, 30 మి.లీ. గోధుమ రంగు డ్రాపర్ సీసా, దాంట్లో 25 మి.లీ., ఉండేది అల్మరాలోనే.

కొలిచే పద్ధతి ఇదిగో. గాయాలకు రాసే 10 శాతం పోవిడోన్ అయోడిన్‌లో పనికొచ్చే అయోడిన్ సుమారు ఒక శాతం ఉంటుంది. విటమిన్ సి ఎదురైతే అయోడిన్ దాన్ని ఆక్సీకరించి తాను రంగు పోగొట్టుకుంటుంది. విటమిన్ సి అయిపోయాక పడిన చుక్క స్టార్చ్‌ను నల్లటి నీలం చేస్తుంది. గ్లాసులో 20 మి.లీ. నీళ్లు, కాస్త స్టార్చ్ ద్రావణం, సన్న సిరంజితో సరిగ్గా 0.1 మి.లీ. సీరం. మొదటి అయోడిన్ చుక్క పడగానే నీళ్లలో సిరా పువ్వులా విచ్చుకుంది, గ్లాసు అలా ఒక్కసారి తిప్పేసరికి మాయమైంది. రెండోదీ అంతే. ముప్పై దాటాక పువ్వు మాయమవడానికి ఇంకాస్త సమయం తీసుకుంటోంది. నలభై మూడో చుక్కకు గ్లాసంతా నీలమై అలాగే నిలిచిపోయింది.

కాగితం మీద లెక్క వేస్తే 0.1 మి.లీ. లో ఉండాల్సిన 15 మిల్లీగ్రాములకు పట్టే అయోడిన్ ద్రావణం 2.16 మి.లీ., నా డ్రాపర్‌కు మి.లీ. కి ఇరవై చుక్కలు, అంటే 43. నా చేతిలోని గ్లాసు, కాగితం మీది లెక్క ఒకే మాట చెప్పాయి. ఆ సంతోషంలో మూడుసార్లు చేశాను, 43, 44, 43.

వెంటనే ఆ కొన్న సీసా తీశాను. 20 శాతానికి 57, 58 చుక్కలు పట్టాలి. 31 కే నీలం తిరిగింది. అంటే సుమారు 11 శాతం. పాడైపోయిందని నేను భయపడిన సీసాలో సగం పైగా విటమిన్ బతికే ఉంది! అలాగని దాన్ని మళ్లీ ముఖానికి రాయలేదు, మిగతా సగం ఏమేమిగా మారిందో తెలియదు కాబట్టి. కానీ రంగును చూసి బలాన్ని అంచనా వేయకూడదన్న అనుమానం ఇక్కడే మొదలైంది.

11వ రోజు

చేతి లోపలి వైపు మూడు రాత్రులు వరసగా రాసి చూశాను. మొదటి నిమిషం చిన్న చురుకు, ఎరుపు లేదు, దురద లేదు. రేపటి నుంచి ముఖం.

ఎడమ చెంపకు సీరం. కుడి చెంపకు అదే ద్రవం ఆస్కార్బిక్ ఆమ్లం లేకుండా. రోజూ ఉదయం ముఖం కడిగి బాగా ఆరాక ఐదేసి చుక్కలు, పది నిమిషాల తర్వాత మాయిశ్చరైజర్, ఆపైన రెండు చెంపలకూ ఒకే ఎస్‌పీఎఫ్ 50 సన్‌స్క్రీన్, బయట ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ. విటమిన్ సి సన్‌స్క్రీన్ కాదు. ఎండ వల్ల పుట్టే ఫ్రీ రాడికల్స్‌ను కొంతవరకు అణుస్తుంది, కిరణాలను ఆపదు. మచ్చలున్న చర్మానికి సన్‌స్క్రీన్ లేకుండా విటమిన్ సి రాయడం చిల్లు కుండలో నీళ్లు పోయడమే.

ఫొటోల బాధ్యత చెల్లిది. ఒకే దీపం, ఒకే కుర్చీ, గోడ మీద గుర్తు, చెంప పక్కన తెల్ల కార్డు, ఫోన్ కెమెరాలో వెలుతురు దానంతట అది మారకుండా లాక్ చేసి. ఒక్క దీపం కోణం మారితే మచ్చలు సగం మాయమైనట్టు కనిపిస్తాయని మొదటి రోజే తెలిసిపోయింది. అందుకే పక్కపక్కన పెట్టిన 'ముందు, తర్వాత' ఫొటోలు ఎక్కడ కనిపించినా ఇప్పుడు నా చూపు ముందు ముక్కు పక్కన పడిన నీడ మీదికి వెళ్తోంది.

3వ వారం

రాగి తీగ సీసా ఆరో రోజు వరకు కదల్లేదు. ఈడీటీఏ పట్టుకున్నంత పట్టుకుని ఉంటుంది. తర్వాత రెండు రోజుల్లోనే తీగ చుట్టూ పసుపు పొర కనిపించింది, పదో రోజుకు సీసా మొత్తం అదే రంగు. చుక్కలు 36. మిగతావాటిలో ఇంకా తేడా లేదు.

ఫ్రిజ్ సీసాలో మాత్రం నేను ఊహించనిది జరిగింది. అడుగున వెంట్రుకల్లాంటి సన్నటి తెల్ల సూదులు. విటమిన్ సి గడ్డకట్టిందేమో అని టెన్షన్ పడ్డాను. పైనున్న ద్రవం పరీక్షిస్తే 43 చుక్కలే, అంటే సి అక్కడే ఉంది. చలికి ఫెరులిక్ ఆమ్లం బయటపడింది. సీసాను అరచేతుల మధ్య పది నిమిషాలు ఉంచితే చాలా వరకు కరిగింది, మర్నాటికి మళ్లీ సూదులు. వచ్చే తయారీలో ఫెరులిక్ తగ్గించాలి.

4వ వారం

మొదటి పరీక్ష చెల్లికి. మచ్చల దగ్గర మాత్రమే కత్తిరించిన ఫొటోలు పది జతలు, ఏది ఏ చెంపో తెలియకుండా, కుడి చెంపవి అద్దంలో చూసినట్టు తిప్పేసి. ఏ వైపు లేతగా ఉందో చెప్పమన్నాను. పదిలో ఐదు సరిగ్గా చెప్పింది, అంటే కళ్లు మూసుకుని చెప్పినా వచ్చేదే.

"అక్కా, నీకు బాధేస్తుందని ఎడమే బాగుందని చెప్పనా?" అంది.

"వద్దు, నువ్వు చూసిందే చెప్పు. నాకు కావాల్సింది అదే," అన్నాను.

ఇంత తొందరగా ఏమీ కనిపించకపోవడం సహజమే. పై పొర కిందినుంచి పైకి వచ్చి రాలిపోవడానికే నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. తెలిసి కూడా రాత్రి అద్దం ముందు కాసేపు నిలబడ్డాను.

6వ వారం

ఈ వారం తప్పు నాదే. రాత్రి గ్లైకాలిక్ ఆమ్లం ఉన్న ఇంకో సీరం రాసుకుని, పొద్దున అలవాటు ప్రకారం విటమిన్ సి రాసేశాను. ఎడమ చెంప భగ్గుమంది. కడిగాక కూడా గంటసేపు ఎరుపు, సాయంత్రానికి బిగుసుకుపోయి పొలుసులు. ఇలాంటి చర్మానికి మంట పెడితే మచ్చలు తగ్గకపోగా కొత్తవి పుడతాయి, మొటిమ మచ్చ పుట్టేదే వాపు వల్ల కదా. నాలుగు రోజులు అన్నీ ఆపేసి మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్ మాత్రమే వాడాను. లోపలున్న విటమిన్ సగానికి తగ్గడానికే నాలుగు రోజులు పడుతుందన్న ఆ పాత అంకె ఇప్పుడు ఊరటగా అనిపించింది. ఆగినంత మాత్రాన చేసిందంతా పోదు. ఇకమీదట చర్మాన్ని ఒలిచే ఆమ్లాలు ఈ ప్రాజెక్టు అయ్యేదాకా లేవు. మొటిమలకు వాడే బెంజాయిల్ పెరాక్సైడ్ కూడా ఇదే పూట రాయకూడదు, అది విటమిన్ సి ని ఆక్సీకరించేస్తుంది.

8వ వారం

ఈ డైరీ మొత్తంలో నాకు ముఖ్యమైన రోజు ఇది. ఐదు సీసాలూ తెల్ల కాగితం మీద వరసగా పెట్టి, ఒక్కోదాంట్లోంచి ఒక్కో చుక్క తీసి రంగు చూశాను. ఫ్రిజ్‌ది తేటగా ఉంది. అల్మరాది లేత పసుపు. కిటికీది ముదురు నారింజ. రాగిది ఇటుక రంగు. నేను రోజూ వాడేది ఎండుగడ్డి రంగు, అంటే అల్మరా సీసాకు కాస్త అటూ ఇటూగా ఉంది. కాబట్టి దాని బలం కూడా అక్కడక్కడే ఉంటుందనుకున్నాను.

చుక్కలు లెక్కపెట్టాను. ఫ్రిజ్ 42. అల్మరా 39. కిటికీ 37. రాగి 17. రోజూ వాడేది 31.

నమ్మబుద్ధి కాక మళ్లీ చేశాను, 31, మళ్లీ 31. ముదురు నారింజ రంగుకు తిరిగిన కిటికీ సీసాలో 37 ఉంటే, లేత రంగులో అమాయకంగా కనిపిస్తున్న నా సీసాలో 31 ఏమిటి? నేను 15 శాతం అనుకుని 11 శాతం రాసుకుంటున్నాను.

రాత్రి కూర్చుని లెక్క వేస్తే విషయం తేలింది. 20 మి.లీ. సీసాలో 8 మి.లీ. సీరం ఉంటే పైన 12 మి.లీ. గాలి. అందులో ఐదో వంతు ఆక్సిజన్, సుమారు 2.5 మి.లీ. అదంతా ఖర్చయిపోయినా తినగలిగే విటమిన్ సి 18 నుంచి 37 మిల్లీగ్రాములే, ఆ సీసాలో ఉన్నది 1200. వారానికోసారి మూత తీసేదాకా అంతకుమించి ఆక్సీకరణకు దారి లేదు, ఆక్సిజన్ అయిపోతుంది. కిటికీ వెలుతురు చర్యను తొందరపెట్టగలదేగానీ లేని ఆక్సిజన్‌ను తేలేదు. నా సీసాను మాత్రం నేను రోజూ తెరుస్తున్నాను. తెరిచిన ప్రతిసారీ కొత్త గాలి, పైగా రోజురోజుకూ సీరం తగ్గి గాలికి చోటు పెరుగుతోంది. డ్రాపర్ రబ్బరు నొక్కినప్పుడల్లా ద్రవంలోకి నేనే బుడగలు ఊదుతున్నాను.

మరి రంగు ఎందుకు రాలేదు? ఆస్కార్బిక్ ఆమ్లం ఆక్సీకరణ చెందితే ముందు అయ్యేది డీహైడ్రో ఆస్కార్బిక్ ఆమ్లం, దానికి రంగు లేదు. అది నీటితో విడిపోయి ఇంకా ముక్కలయ్యాకే పసుపు, నారింజ, గోధుమ రంగులు వస్తాయి. వెచ్చదనం ఉంటే ఆ రెండో దశ త్వరగా సాగుతుంది. ఎండ తగిలే కిటికీ సీసాలో పోయింది కొంచెమే, పోయినదంతా రంగుగా కనిపించింది. చల్లటి అల్మరాలోని నా సీసాలో పోయింది ఎక్కువ, కానీ కనిపించకుండా పోయింది.

వెలుతురు తగలనివ్వకండి, గోధుమ రంగు సీసా వాడండి అని అందరూ చెబుతారు, అది నిజమే. కానీ నా ఐదు సీసాల్లో, రాగి సంగతి పక్కన పెడితే, పెద్ద దొంగ మూత తెరిచిన చెయ్యే.

చెల్లి ఈ వారం పదిలో ఆరు చెప్పింది. దానికి నేను ఇంకా అర్థమేమీ కట్టను.

9వ వారం

కొత్త తయారీ, కొత్త పద్ధతి. ఫార్ములా అదే, ఫెరులిక్ మాత్రం 0.2 శాతానికి తగ్గించాను. పెద్ద సీసా మానేసి 2 మి.లీ. పట్టే చిన్న గాజు వయల్స్ తీసుకుని, ఒక్కోదాన్ని గొంతు దాకా, మూత పెడితే ఒక చుక్క పొంగేంత నిండా నింపాను. లోపల గాలి బుడగ గింజంత కూడా లేదు. అన్నీ అట్టపెట్టెలో పెట్టి ఫ్రిజ్‌లో. వారానికొకటి తెరుస్తాను, ఒక చెంపకు వారానికి అంతే పడుతుంది. డ్రాపర్ లేదు, సిరంజితో పైనుంచి తీసుకోవడమే.

నింపేటప్పుడు పొంగిన చుక్కలు వేళ్ల మీద ఆరిపోయాయి. మర్నాడు చూస్తే గోళ్ల అంచులు నారింజ రంగులో ఉన్నాయి. ముఖం మీద కూడా ఎడమ కణత దగ్గర వెంట్రుకల మొదళ్లలో ఇలాంటి రంగే ఇంతకుముందు కనిపిస్తే ఎండకు కమిలిందనుకున్నాను. విటమిన్ సి ముక్కలైనప్పుడు ఎరిత్రులోజ్ పుడుతుంది, చర్మానికి కృత్రిమంగా రంగు వేసే కొన్ని క్రీముల్లో దాన్ని కూడా వాడతారు. ప్రమాదం లేదు, పై పొరతో పాటు కొద్ది రోజుల్లో పోతుంది. కానీ మచ్చలు తగ్గాలని రాసేది పాతబడితే అదే రంగు పూస్తుందన్నమాట. రాసిన చేతులు వెంటనే కడుక్కోవాలని గోడ మీద రాసి పెట్టుకున్నాను.

11వ వారం

చెప్పుకోదగ్గది ఏమీ లేదు. సూదులు లేవు. మంట లేదు.

12వ వారం

పొద్దున ఫొటో తీస్తూ చెల్లి ఫోన్ దించేసి దగ్గరికి వచ్చి చూసింది. "అక్కా, దవడ మీది పెద్ద మచ్చకు అంచులు చెరిగిపోయినట్టు లేవూ?" అంది. అద్దంలో నాకు పెద్దగా తెలియలేదు, రోజూ చూసే ముఖం కదా. మొదట తీసిన ఫొటో పక్కన పెట్టి చూస్తే తెలిసింది. అప్పట్లో గీత గీసినట్టున్న అంచు ఇప్పుడు చుట్టూ ఉన్న చర్మంలోకి మెల్లగా కలిసిపోతోంది, నడుమ మాత్రం ఇంకా ముదురుగానే ఉంది. మచ్చ చిన్నదవుతూ తగ్గుతుందని నేను ఊహించుకున్నాను, ఇది పరిమాణం అలాగే ఉండి పలచబడుతూ తగ్గుతోంది.

ఇంకోటి కూడా రాయాలి, దాస్తే ఈ డైరీకి అర్థం లేదు. కుడి చెంప మచ్చలు కూడా తగ్గాయి. విటమిన్ సి ఒక్క చుక్క తగలని చెంప. దాదాపు పది వారాలు ఒక్క రోజు తప్పకుండా సన్‌స్క్రీన్ రాయడం నా జీవితంలో ఇదే మొదటిసారి, ఆ ఫలితం ఆ చెంప మీద కనిపిస్తోంది. రెండు చెంపలకూ సీరం రాసి ఉంటే ఈ మెరుగంతా విటమిన్ సి ఖాతాలో వేసేసేదాన్ని.

14వ వారం

చివరి పరీక్ష. పది జతలు, మళ్లీ కలగలిపి. చెల్లి ఒక్కో జతనూ చాలాసేపు చూసింది, రెండుచోట్ల మనసు మార్చుకుంది. పదిలో తొమ్మిది. తప్పిన ఒక్కటి ముక్కు పక్కన ఉన్న ఎర్రటి మచ్చల జత. ఆ ఎరుపు మెలనిన్ వల్ల వచ్చింది కాదు, వాపు మిగిల్చిన రక్తనాళాలది, దానిలో రెండు వైపులా తేడా లేదు.

నా ఒక్క ముఖం మీద, ఒక్కరు చూసిన ఫొటోల లెక్క ఇది, అంతకుమించి దీన్ని లాగను. తేడా ఉంది. ఎదురుగా కూర్చుని మాట్లాడే మనిషికి తెలిసేంత లేదు, పక్కపక్కన పెట్టి చూస్తే దాచలేనంత ఉంది. సన్‌స్క్రీన్ చేసిన పని పెద్దది, విటమిన్ సి దాని మీద ఇంకొంత చేసింది. ఎంతమేరకు ఏది అని విడగొట్టే కొలత నా దగ్గర లేదు.

వయల్స్ లెక్క మాత్రం నేను ధైర్యంగా చెప్పగలను. ఐదు వారాల కిందట నింపి ఇవాళే తెరిచింది 42. పోయిన వారం తెరిచి ఏడు రోజులు వాడినదాని అడుగున మిగిలింది 40. పాత డ్రాపర్ సీసా, ఎనిమిదో వారం తర్వాత ముఖానికి రాయడం మానేసి రోజూ మూత మాత్రం తీసి పెట్టింది, 22.

రేపటి నుంచి కుడి చెంపకూ సీరం మొదలు. వారానికి రెండు వయల్స్ పడతాయి కాబట్టి ఇవాళ సాయంత్రం ఇరవై నింపాను, మూతల మీద తేదీలు రాశాను. చెల్లికి మోచేతి దగ్గర ఒక కాలిన మచ్చ ఉంది, నాకూ రెండు ఇస్తావా అని అడిగింది. ముందు మూడు రాత్రులు చేతి లోపలి వైపు రాసి చూడమని ఒకటి చేతిలో పెట్టాను.